ఆరు కుంచాల గుండిగ

నా మెడ దగ్గర, అంచుకు కాస్త కింద, ఒక ఇంటిపేరు చెక్కి ఉంది. పక్కన ఒక పెళ్ళి తేదీ. చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన ఆ అక్షరాలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. ఆ ఇల్లు నన్ను కొన్న మాట నిజమే. కానీ నా బతుకులో ఎక్కువ భాగం గడిచింది కోనసీమలో, గోదావరి పాయ ఒడ్డునున్న ఒక లంక ఊరి బళ్ళో. అక్కడ నన్ను తోమిందీ, పొయ్యి ఎక్కించిందీ, నాలోంచి తీసి పిల్లలకు వడ్డించిందీ ఒకే మనిషి. బడి అంతా ఆమెను ఆయమ్మ అనేది. నేనూ అలాగే అంటాను. నా కథ చెప్పమంటే నాకు ఆమె కథే వస్తుంది.

నేను పుట్టింది అజ్జరంలో. తణుకు దగ్గర్లోని ఆ ఊరు ఇత్తడి సామానుకు పెట్టింది పేరు. పాత సామాను కరిగించి, రాగిలో తుత్తునాగం పాళ్ళు చూసి కలిపి, సుత్తితో కొట్టి కొట్టి గుండ్రం తీస్తారు అక్కడి కంచర్లు. నా ఒంటి మీద కనిపించే చిన్న చిన్న పలకలన్నీ ఆ సుత్తి దెబ్బలే. అడుగు మందం, పొట్ట వెడల్పు, మెడ ఇరుకు, రెండు పక్కలా కడియాలు. ఆ కడియాల్లో వెదురు బొంగు దూర్చి ఇద్దరు భుజాన వేసుకుంటే తప్ప నిండు గుండిగ కదలదు. ఆరు కుంచాల బియ్యం ఒక్క ఎసరులో ఉడికించగలను.

ఇత్తడితో ఒక చిక్కుంది. పులుపు తగిలితే చిలుము పడుతుంది, వండింది చేదెక్కుతుంది, తిన్నవాళ్ళకు చేటు. అందుకే లోపల తగరం పూత వేయించాలి. ఊళ్ళో కళాయి వాడి కేక వినబడితే సామాన్లన్నీ వీధిలోకి వచ్చేవి. గుంట తవ్వి, తోలుతిత్తితో నిప్పు రాజేసి, నన్ను కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క రాసి, దూదితో లోపలంతా చుట్టి చుట్టి రుద్దేవాడు. తెల్లటి పొగ గుప్పున లేచేది. పొగ విడిపోయేసరికి లోపల వెండి మెరుపు. ఆ పెళ్ళింట్లో ఉన్నన్నాళ్ళూ పెళ్ళిళ్ళు, తద్దినాలు, సంతర్పణలు చూశాను. ఆ వంటల గురించి చెప్పేదేమీ లేదు. తిన్నవాళ్ళంతా ఇళ్ళ దగ్గర కూడా తినగలిగినవాళ్ళే.

అరవైల్లో బడిపిల్లలకు మధ్యాహ్నం ఉప్మా పెట్టే పథకం మా ఊరికి వచ్చింది. కేర్ అనే సంస్థ అమెరికా నుంచి గోధుమ రవ్వ, పసుప్పచ్చటి పిండి, పాలపొడి, డబ్బాల్లో నూనె పంపేది. బస్తాల మీదా డబ్బాల మీదా ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతుల బొమ్మ ఉండేది. సరుకైతే వచ్చింది గానీ అంతమందికి వండే గిన్నె బళ్ళో లేదు. హెడ్మాస్టరు గారు నన్ను కొన్న ఇంటికి వెళ్ళి అడిగారు. "పిల్లల కోసమే కదా, పట్టుకెళ్ళండి మేష్టారూ" అన్నారు వాళ్ళు. మంచి మనసుతోనే అన్నారు. వండేది ఎవరో అప్పటికి తేలలేదు.

ఆయమ్మ భర్త కొబ్బరి దింపు పని చేసేవాడు. వానకు తడిసిన చెట్టు మీంచి జారిపడ్డాడు, మళ్ళీ లేవలేదు. ముగ్గురు పిల్లలు, ఆఖరిది చంకలో. ఊడ్పులకీ కోతలకీ పోతూ, పెద్దవాళ్ళిద్దర్నీ పొద్దున్నే బళ్ళో దింపి, చీకటిపడే వేళకు వచ్చి తీసుకెళ్ళేది. వాళ్ళు అరుగు మీద ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతూ ఉండేవారు. ఒక సాయంత్రం హెడ్మాస్టరు గారు ఆమెను ఆపి, "అమ్మా, బడి ఊడ్చి, నీళ్ళు తెచ్చి, ఈ ఉప్మా వండి పెడతావా? ఇచ్చేది తక్కువే" అన్నారు.

"ఆయ్, పెడతానండి మేష్టారూ. నా పిల్లలు నా కళ్ళెదట ఉంటారు కదండి" అంది ఆమె.

ఆమెది పేట, అంటే దళితవాడ. అప్పట్లో ఆ మాట ఎంత దూరం పోయేదో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. మొదటి రోజు ఉప్మా కమ్మగా పొగలు కక్కుతుంటే, కొందరు పిల్లలు ఆకులు ముందు పెట్టుకోకుండా దూరంగా నిలబడ్డారు. ఇళ్ళ దగ్గర చెప్పి పంపారు. హెడ్మాస్టరు గారు ఎవర్నీ కోప్పడలేదు. తనే ఒక ఆకు తీసుకుని పిల్లల బంతిలో నేల మీద కూచున్నారు. పెట్టమ్మా అన్నారు. తిన్నారు. "ఉప్పు సరిగ్గా పడింది" అన్నారు, అంతే. వారం తిరక్కుండా దూరంగా నిలబడ్డవాళ్ళంతా బంతిలోకి వచ్చేశారు. ఆకలి ముందు ఆ పిల్లలెవరికీ కులం పట్టలేదు.

పెద్దవాళ్ళకు మాత్రం పట్టింది. కొత్త గిన్నె వచ్చేదాకా అని అడిగి తెచ్చిన నన్ను, కొన్నాళ్ళకు హెడ్మాస్టరు గారు శుభ్రంగా తోమించి తిరిగి పంపబోయారు. "వద్దులెండి, బడికే ఉంచుకోండి" అని కబురు వచ్చింది. బడి రిజిస్టర్లో దానం అని రాసుకున్నారు. అసలు కారణం ఊరందరికీ తెలుసు. ఆయమ్మకూ తెలుసు. ఆ సాయంత్రం ఆమె కొబ్బరి పీచు, బూడిద తీసుకుని రోజూ కంటే ఎక్కువ సేపు నన్ను తోమింది. ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను ఒక ఇల్లు వద్దనుకున్న రోజునే నాకు అసలైన ఇల్లు దొరికింది. ఇన్నేళ్ళ తరవాత కూడా నేనలాగే అనుకుంటాను.

ఆమె వంట చూడవలసిందే. పొయ్యి ఎక్కించే ముందు నా అడుగునా పక్కలా తడిమట్టి పూసేది. మసి మట్టికి పడుతుంది, ఇత్తడికి పట్టదు. ఎండిన కొబ్బరి కమ్మలతో మంట అందుకోనిచ్చి, తరవాత డొక్కలు, మట్టలు వేసి నిదానంగా మండించేది. ఎసరు కాగే చప్పుడు విని రవ్వ ఎప్పుడు పొయ్యాలో చెప్పేది, మూత తీసి చూడదు. అన్నం వండే కాలం వచ్చాక, నా మూతికి పాతచీర గుడ్డ బిగించి, బొంగు దూర్చి ఇద్దరి చేత వంచించి గంజి వార్చేది. ఆ గంజి పారబొయ్యదు. ఉప్పు కలిపి, పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చినవాళ్ళకు ఇచ్చేది. ఎవరు తినలేదో ఎలా తెలుసుకునేదీ అంటే, పెదవులు చూసి. "ఏరా అబ్బాయ్, పొద్దున ఏం తిన్నావ్?" అని అడిగితే "చద్దన్నం" అని అబద్ధమాడే పిల్లలుండేవారు. ఆమె ఇంకేం అడక్కుండా గ్లాసు చేతిలో పెట్టేది.

రిజిస్టర్లో పేర్లు ఒక లెక్క, ఆమె లెక్క ఇంకొకటి. అక్క వెంట వచ్చిన తమ్ముడు, ఇంకా బడి ఈడు రాని చంటిది, పశువుల్ని గట్టు మీద వదిలి గోడ పక్కన నిలబడే కుర్రాడు, వీళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ లేవు. ఆమె ఎసట్లో ఇంకో చెంబెడు నీళ్ళూ ఇంకో పిడికెడు రవ్వా పోసేది. గోడ పక్క కుర్రాళ్ళలో కొందరు అలా తింటూ తింటూ లోపలికి వచ్చి పలక పట్టారు.

వంట ఒకటే ఆమె పనా? తలంతా పేలుపడ్డ పిల్లను మెట్టు మీద కూచోబెట్టుకుని దువ్వేది. బట్టలు తడుపుకున్న ఒకటో తరగతి వాడిని ఎవరూ చూడకుండా పంపు దగ్గరికి తీసుకెళ్ళేది. వంటపాక చూరులో ఒక మూట ఉండేది, అందులో పాత నిక్కర్లు, గౌన్లు, మెత్తటి చీర ముక్కలు. ఆ చీర ముక్కలు ఎందుకో పెద్ద తరగతుల ఆడపిల్లలకు తెలుసు. జ్వరంతో వణికే పిల్లను భుజాన వేసుకుని ఇంటిదాకా దింపి వచ్చేది. మేష్టర్లు మారారు, హెడ్మాస్టర్లు మారారు. పిల్లలు బళ్ళో అడుగు పెట్టగానే వెతికే ముఖం మారలేదు.

కేర్ పిండి రావడం ఆగిపోయిన తరవాత నాకు పొయ్యి తగ్గింది. మంచినీళ్ళు నింపి అరుగు మీద పెట్టేవారు. అప్పటికీ రోజూ ఆమె చెయ్యి నా మీద పడేది.

1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కుల నీళ్ళు కిందికి వదిలారు. ఏటిగట్లు చాలాచోట్ల తెగాయి. మా ఊళ్ళోకి నీళ్ళు అర్ధరాత్రి వచ్చాయి. పేట పల్లంలో ఉంటుంది కాబట్టి ముందు మునిగేది అదే. ఆయమ్మ నడుంలోతు నీళ్ళలో బడికి వచ్చి నన్ను బయటికి లాగింది. పక్కింటి బాలింత బిడ్డను పాతచీరల్లో చుట్టి నాలో పడుకోబెట్టింది. ఇద్దరు కుర్రాళ్ళు చెరో కడియం పట్టుకున్నారు, ఆమె వెనక నుంచి నెట్టింది. చీకట్లో నీళ్ళ మీద తేలుతూ ఆ బిడ్డతో గట్టు చేరాను. ఎన్నో వంటలు మోశాను గానీ నా జన్మలో నేను మోసిన అతి విలువైన బరువు ఆ బిడ్డే.

తెల్లారేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది. మెరక మీది ఇళ్ళ వాళ్ళు, పల్లంలోని వాళ్ళు, పశువులు, కోళ్ళు, అందరూ ఒకే గట్టు మీద. ఎవరో తెచ్చిన తడి బియ్యం బస్తా ఆయమ్మ ముందు దింపారు. తడి కమ్మలతో పొయ్యి రాజేయడం ఆమెకే చేతనైంది. అన్నం, ఉప్పు, పచ్చిమిరపకాయ. బంతిలో నన్ను కొన్న ఇంటి పెద్దావిడ కూడా కూచుంది. చెయ్యి కడుక్కుని వచ్చి ఆయమ్మ పక్కన నిలబడి, "ఇంకాస్త ఉంటే పెట్టవే తల్లీ, మనవడికి" అంది. ఆయమ్మ నిండుగా పెట్టింది. ఆవిడ ఒకప్పటి కబురును ఎత్తలేదు, ఈమె గుర్తు చెయ్యలేదు.

1995 ఆగస్టు 15న కొత్త పథకం మొదలైంది. వండిన అన్నం కాదు, నెలకు 3 కిలోల బియ్యం, అదీ 80 శాతం హాజరు ఉన్న పిల్లలకే. ఆ నిబంధన విన్న మర్నాటి నుంచి ఆయమ్మ పొద్దున్నే ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. "ఈ ఒక్కరోజు పనికి తీసుకెళ్ళకే, నెల బియ్యం పోతాయి" అని తల్లులను బతిమాలి పిల్లలను చెయ్యి పట్టుకుని తెచ్చేది. హాజరు పట్టీ మేష్టారు రాసేవారు, ఆ హాజరు తెచ్చేది ఈమె.

మరుసటి ఏడాది నవంబర్ 6 రాత్రి, దీపావళి నాలుగు రోజులుందనగా, తుపాను కోనసీమ మీద పడింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు వేలకు వేలు విరిగి పడ్డాయి. కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది, ఆ చెట్లను నమ్ముకున్న ఇళ్ళు అన్నేళ్ళూ ఏం తినాలి? కోనసీమ ఆడవాళ్ళు ఇళ్ళలో పనికి గల్ఫు దేశాలకు పోతారని అందరికీ తెలుసు. ఆ తుపాను తరవాత ఆయమ్మ కూతురు కూడా కువైట్ పోయింది, తన ఇద్దరు పిల్లలను తల్లికి అప్పజెప్పి. కొడుకులిద్దర్నీ ఆమె చెట్టెక్కనివ్వలేదు. పెద్దవాణ్ణి అమలాపురంలో సైకిలు షాపులో పనికి పెట్టింది, రెండోవాడు బస్సు డిపోలో మెకానిక్కు. కూతుర్ని మాత్రం ఆపలేకపోయింది. ఉత్తరం వచ్చిన రోజున హెడ్మాస్టరు గారి చేత చదివించుకుని, మడిచి జాకెట్టులో పెట్టుకుని, మనవలిద్దర్నీ దగ్గర కూచోబెట్టుకునేది. పరాయి పిల్లలకు అన్నం పెట్టడానికి తన కూతురు సముద్రం దాటింది. ఇక్కడ ఆ కూతురి పిల్లలకు ఈమె పెట్టింది. ఈ బాధను ఆమె ఒక్కసారే నోరు తెరిచి అంది, నన్ను తోముతూ, ఎవరూ లేనప్పుడు.

2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. మన దగ్గర 2003 జనవరిలో అది మొదలైంది. ప్రాథమిక బడిలో తలకు 100 గ్రాముల బియ్యం. వంట పని డ్వాక్రా సంఘాలకు ఇచ్చారు. అల్యూమినియం గిన్నెలు వచ్చాయి. ఆయమ్మకు అప్పటికి అరవై దాటాయి. అయినా సంఘంలోని ఆడవాళ్ళు, "పిన్నీ, నువ్వు పక్కన లేకపోతే అంతమందికి మేం వండలేం" అని ఆమెనూ కలుపుకున్నారు. పిల్లలెక్కువ వచ్చిన రోజున నన్నూ దింపేవారు. వంటవాళ్ళ నియామకంలో దళితులకు ముందు అవకాశం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో అదే కోర్టు చెప్పింది. హెడ్మాస్టరు గారు బంతిలో కూచుని తిన్న రోజుకూ ఆ ఉత్తర్వుకూ మధ్య ఎంత కాలం గడిచిందో నాకు తెలుసు. కోర్టు చెప్పవలసి వచ్చిందంటే, అలా ఆకు ముందు కూచున్న పెద్దమనుషులు దేశంలో చాలినంత మంది లేరన్నమాట.

పథకం మంచిది. అందులో సందేహం లేదు. పిల్లల ఒంట్లోకి కండ రావడం వడ్డించేవాళ్ళ కళ్ళకే ముందు కనబడుతుంది. గుడ్డు పెట్టే రోజున హాజరు పెరగడం నేను చూశాను. కానీ వండే ఆడవాళ్ళ సంగతి? బిల్లులు నెలల తరబడి రాకపోతే పప్పు, నూనె, కూరగాయలు కొట్లో అప్పు తెచ్చి వండేవారు. కొట్టువాడు ఇవ్వనన్న రోజున ఆయమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టడం నాకు తెలుసు. పిల్లలకు ఆ సంగతి తెలియనివ్వలేదు. ఆ రోజు సాంబారు పలచన కూడా కాలేదు.

ఆమెకు నియామకపు కాగితం ఎప్పుడూ లేదు. అందుకని పదవీ విరమణ సభ లేదు, పింఛను లేదు. చేతులు వణకడం మొదలయ్యాక గరిటె వదిలి, పొయ్యి దగ్గర పీట వేసుకుని ఉప్పూ కారం చెప్పేది. నడవలేని రోజు వచ్చేదాకా బడికి వస్తూనే ఉంది. ఒకసారి పనికిరాని సామాను జాబితా రాస్తూ నన్ను తూకానికి అమ్మేద్దామన్నారు. ఆమె చేతికర్ర పట్టుకుని వచ్చి, "దీన్ని అమ్మితే నన్ను కూడా తూకం వెయ్యండి బాబూ" అంది. జాబితాలోంచి నన్ను కొట్టేశారు.

తొంభైకి దగ్గరపడిన వయసులో, ఒక చలికాలం తెల్లవారుజామున ఆమె నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆదరణ కూడికకు ఊరు పట్టనంత మంది వచ్చారు. కళాయి వేసేవాళ్ళు ఇప్పుడు దొరకడం కష్టం. పాత విద్యార్థులు వెతికి వెతికి ఒక ముసలాయన్ను తీసుకొచ్చి నాకు తగరం పూయించారు. ఆ రోజు అన్నం నాలోనే వండారు. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే లేచారు. లారీ నడిపే ఒకాయన, ఆయమ్మ నా అడుగున అంటుకున్న మాడు గీకి బెల్లం ముక్కతో తన చేతిలో పెట్టిన సంగతి చెప్పి ఇక మాట్లాడలేకపోయాడు. ఒక నర్సమ్మ, తను పెద్దమనిషైన రోజున ఆయమ్మ ఎవరికంటా పడకుండా చేలగట్టు మీంచి ఇంటికి నడిపించిన సంగతి చెప్పింది. వరదలో నాలో పడుకున్న బిడ్డ ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. అతను లేచి వచ్చి ఏమీ అనకుండా నా కడియం పట్టుకుని నిలబడ్డాడు. కువైట్ నుంచి వచ్చిన కూతురు చివర్లో లేచింది. "మా అమ్మ మాకొక్కరికే అమ్మ కాదని చిన్నప్పుడు నాకు కోపం ఉండేది. ఇక్కడ ఇంతమందిని చూశాక ఆ కోపం పోయింది" అంది.

మా పక్కనే లంకల గన్నవరంలో, నూరేళ్ళకు ముందు, డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ ఏరు దాటి వచ్చిన బాటసారికి కూడా అన్నం వండి పెట్టారు. 1909లో ఆమె పోయారు. ఇక్కడి అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు, 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడి భోజనానికీ ఆమె పేరే. సరైన పేరు పెట్టారు. ఆ పేరు కింద పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్ళకు ఏమిస్తున్నారో కూడా చూడండి. 2009లో కేంద్రం నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించింది, అదీ ఏడాదికి పది నెలలకే. 2019లో మన రాష్ట్రం దాన్ని 3,000 చేసింది. ఇచ్చేవారికి నా విన్నపం ఒకటే. దాన్ని బతకగలిగేంత జీతం చెయ్యండి, నెల తిరగ్గానే ఇవ్వండి, పన్నెండు నెలలూ ఇవ్వండి. వేసవి సెలవుల్లో కూడా ఆ తల్లుల ఇళ్ళలో పొయ్యి వెలగాలి.